లచ్చవ్వ పొద్దు

మొదటి రాత. మార్చి 29, ఆదివారం

నా భార్య గీసిన పొద్దు మీద నా అన్న పేరుంది. పన్నెండేళ్లుగా ఉంది. రోజూ తెల్లవారి అయిదింటికి పెద్దవీధి గోడ వెలుగుతుంది. నలుపు పల్చబడి నీలం అవుతుంది, గుట్ట వెనక నుంచి పొద్దు తల ఎత్తుతుంది, నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు బిందెలు దించి చూస్తారు. నేను మాత్రం గోడకు కింద ఎడమ మూల చూస్తాను. అక్కడ మూడక్షరాలు. ఓదెలు. దొంగ పేరు.

ఆ పొద్దును గీసింది లచ్చవ్వ. ఈ మాట నేను మా గోడలు నడిపే కంపెనీకి పన్నెండేళ్లలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఒక్కసారి కూడా జవాబు రాలేదు.

నా పేరు బుచ్చిలింగం. వయసు డెబ్బై ఒకటి. ఉండేది ఏడో బాయి. మేము నకాషీలం. మా తాతలు బట్ట మీద గీశారు, మేము గోడ మీద గీస్తాం. పైన ఎండకు మనిషి నిలవలేక, బొగ్గు తీసేసిన బాయిల్లోకి ఊళ్లు దిగినప్పటి నుంచి ఆకాశం మా పని. పొద్దున పొద్దు లేపాలి, పగలు మబ్బు నడిపించాలి, సాయంత్రం కొంగలను గూళ్లకు తోలాలి. పలక మీద కలంతో గీస్తే గోడ మీద కదులుతుంది. ఏడో బాయిలో ఈ పని చేసేవాళ్లం పద్నాలుగు మందిమి. అందరిలో నా గీత గట్టిది. ఇది గొప్పకు చెప్పడం లేదు, చూసినవాళ్లు చెబుతారు.

ఈ రాత రాయమన్నది సుగుణ. ఓదెలు కూతురే, అయినా మంచిది. ఏడో బాయికి కోడలుగా వచ్చి మా గోడల సిస్టమ్ పని చూస్తుంది. మేము కంపెనీ సిస్టమ్ వదిలేసి 'ఉమ్మడి' అనే దానికి మారుతున్నాం. అది ఎవరి సొత్తూ కాదు. దాని లోపలి రాత అందరి ముందూ తెరిచి ఉంటుంది. తెలిసినవాడు విప్పి బాగు చేసుకోవచ్చు, సైకిల్ విప్పుకున్నట్టు. అందులో అందరికీ కనిపించే పుస్తకం ఒకటుంది. వాడేవాళ్లు తమ ఇబ్బందులు అందులో రాస్తే, చేసినవాళ్లు చదువుతారట.

"నీకు రోజుకో లొల్లి ఉంటది గద కాకా, నా మీద ఒర్రుడు బంద్ జేసి అండ్ల రాయి," అంది.

అందుకని రాస్తున్నాను. నోటితో మాట్లాడినట్టు రాస్తే దూరం వాళ్లకు తెలియదని పుస్తకం భాషలో రాస్తున్నాను. చదువు నాకు యాభై రెండో ఏట లచ్చవ్వ నేర్పింది. పేజీకి ఒక పూట పడుతుంది. తప్పులు సుగుణ దిద్దుతుంది. మాటలు మార్చితే మాత్రం ఊరుకోను.

రెండో రాత. ఏప్రిల్ 2

ఎందుకు మారుతున్నామో రాయలేదని సుగుణ అంది. మబ్బు వల్ల.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేను గీసిన మబ్బుల మధ్య నేను గీయని మబ్బు ఒకటి వచ్చింది. గుండ్రంగా, అంచుకు పళ్లతో, బిస్కెట్ లాగా. అది బిస్కెట్టే. కంపెనీ పెట్టింది. మా ఆకాశంలో దాని సరుకు. పిల్లలు బిస్కెట్ మబ్బు కోసం ఏడ్వడం మొదలుపెట్టారు. తరువాత ఇంకొకటి చేసింది. నేను గీత గీస్తే అది సాపు చేస్తుంది. నా గుట్టకు ఒక పక్క వంపు ఉంటుంది, అది నిలువుగా చేస్తుంది. నేను వంచుతాను, అది లేపుతుంది. ముసలివాడి చేయి వణికిందనుకుందేమో. నా చేయి వణకదు.

పద్నాలుగు మందిమి కూర్చున్నాం. పదముగ్గురు మారదామన్నారు. నేను చేయెత్తలేదు.

"కాకా, ఆ కంపెనీని పొద్దున లేస్తె తిడ్తవ్. ఇడుద్దామంటె నీకేం బాధ?" అంది సుగుణ.

"తిట్టేటందుకన్న ఉండనియ్."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. లచ్చవ్వ పొద్దు కంపెనీ గోదాములో ఉంది. ఏప్రిల్ 30తో గోడలు కంపెనీకి తెగిపోతాయి. ఆలోపు బయటికి తెచ్చుకోని బొమ్మలు చెరిపేస్తారట. తెచ్చుకోవచ్చు, ఏం భయం లేదని సుగుణ చేతిలో చేయి వేసింది. అప్పుడు చేయెత్తాను.

మూడో రాత. ఏప్రిల్ 7

ఈ ఉమ్మడి చేసినవాళ్లకు నేను అడిగేది: మీరు ఎప్పుడైనా కొంగను చూశారా?

నిన్న చివరి వీధి గోడ ఒక్కదాన్ని మార్చి చూశాం. సాయంత్రం కొంగలను వదిలాను. అవి తోకలు ముందు, ముక్కులు వెనక పెట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి ఎగిరిపోయాయి. పన్నెండు కొంగలు. వీధంతా బయటికి వచ్చింది.

"బుచ్చిలింగం, కొంగలకు ఏమన్న తాగబోసినవా?" అని పిండిగిర్నీ ఈరవ్వ అరిచింది. ఆమెకు తొంభై ఏళ్లు, గొంతుకు ఇరవై.

పలక విసిరేసి ఇంటికి వచ్చాను. కలం పట్టు వేరు, మీటలు వేరు, పొరలు కింది నుంచి పైకి కాకుండా పై నుంచి కిందికి ఉన్నాయి. నలభై ఏళ్ల చేతిని బడిలో కూర్చోబెట్టినట్టుంది.

ఇంకొకటి. మా ఎరుపు లేదు. ఇంగిలీకం ఎరుపు పెడితే ఇటుక రంగు వస్తుంది. ఇటుకతో పొద్దును ఎవడైనా గీస్తాడా?

నాలుగో రాత. ఏప్రిల్ 11

జవాబు వచ్చింది. నా మాటకు జవాబు రావడం ఇదే మొదటిసారి, అందుకే రాస్తున్నాను.

తెరేజా అని ఒక ఆమె. ఎక్కడో సముద్రం మీద పడవల ఊరిలో ఉంటుందట. ఆమె భాష వేరు, సిస్టమ్ తెలుగు చేసి చూపిస్తుంది. కొంగల తప్పు తమదేనని ఒప్పుకుంది, సవరించింది. ఎరుపు గురించి అడిగింది: "ఇంగిలీకం ఎలా ఉంటుంది? నేను చూడలేదు."

నేను రాశాను: "కోపం వచ్చిన పుంజు జుట్టు."

ఆమె రాసింది: "కోపం లేని పుంజుదీ, కోపం వచ్చిన పుంజుదీ రెండు ఫొటోలు పంపగలరా?"

మా వీధిలో పుంజు ఒక్కటే, ఈరవ్వది. దానికి కోపం తెప్పించడానికి నాకు గంట పట్టింది, ఈరవ్వకు తెప్పించడానికి నిమిషం పట్టలేదు. ఫొటోలు పంపాను. ఇవాళ పొద్దున పలక తెరిస్తే రంగుల వరుసలో తెలుగు అక్షరాల్లో 'ఇంగిలీకం' అని ఉంది. గీసి చూశాను. అదే ఎరుపు. మా నాయన చేతి గోళ్లలో ఉండే ఎరుపు.

తెరేజమ్మా, నీకు మంచి జరగాలి. కలం పట్టు మాత్రం ఇంకా బాగా లేదు.

అయిదో రాత. ఏప్రిల్ 14

సుగుణ మూడు రోజులుగా నా ముఖం చూడకుండా తిరుగుతోంది. ఇవాళ పట్టుకున్నాను.

"ఏమైందే?"

"అన్నీ వచ్చినయ్ కాకా. నీయి, మిగిలినోళ్లయి, మూడు వందల బొమ్మలు దాటినయ్. సిన్నమ్మ పొద్దు రాలే."

"ఎందుకు రాదు?"

"బొమ్మ ఎవల పేరు మీదుంటె వాళ్లు ఒప్పుకోవాలె. పేరు మా బాపుది. బొమ్మ పుట్టిన గోడ కాడికి ఆయనే వచ్చి వేలిముద్ర పెట్టాలెనంట. ఫోన్ల నడవదంట."

"నేను అడగ."

"నువ్వు అడగకపోతె ఎవలు అడుగుతరు? నేను అడిగితె బాపు ఏమంటడో ఎరికేనా? 'దొంగ ఎందుకు రావాలె బిడ్డా, సొమ్ము పోతది' అంటడు. నిన్ననే అన్నడు."

నేను లేచి వచ్చేశాను. ఓదెలు మూడో బాయిలో ఉంటాడు. పైన నడిస్తే పదకొండు కిలోమీటర్లు. పన్నెండేళ్లుగా మేము మాట్లాడుకోలేదు.

ఆయన వేలు నాకు అక్కర్లేదు. చూసి గీస్తాను. నాకు చేతకాని బొమ్మ ఉందా?

ఆరో రాత. ఏప్రిల్ 18

నాలుగు రోజులుగా తెల్లవారగానే పెద్దవీధిలో కుర్చీ వేసుకుని, పలక ఒడిలో పెట్టుకుని కూర్చుంటున్నాను. పొద్దు లేచేది గంటన్నర. ఆ గంటన్నరలో ప్రతి గీతా కదులుతుంది. ఒకటి పట్టుకునేసరికి పది మారతాయి. సుగుణ ఫోన్‌లో పట్టి చూపించింది. బొమ్మ వచ్చింది, వెలుగు రాలేదు.

నిన్న ఎండలో కాగినట్టు చిరాకు పుట్టి కలం పక్కన పెట్టాను. ఊరికే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. గుట్ట కింద జొన్నచేను, చేనుకు ఒక గెట్టు. గెట్టు మీద బియ్యపు గింజంత మనుషులు ఇద్దరు. ఒకడు కాలు చాపి కూర్చున్నాడు, రెండోవాడు ఆ కాలు తొడ మీద పెట్టుకుని ముల్లు తీస్తున్నాడు. పొద్దు వెలుగు గెట్టు మీదికి పాకేంతవరకే, రెండు మూడు నిమిషాలు. తరువాత వెలుగులో కలిసిపోతారు.

అది నేనూ ఓదెలూ. నాకు తొమ్మిదేళ్లు, ఆయనకు పదమూడు. అప్పుడింకా పైన తిరిగేవాళ్లం. తుమ్మముల్లు. ఆ సంగతి లచ్చవ్వకు నేనే ఎప్పుడో చెప్పి ఉంటాను. చెప్పినట్టు గుర్తు లేదు. ఆమె మాత్రం గుర్తు పెట్టుకుంది.

పన్నెండేళ్లుగా నేను రోజూ ఈ గోడ ముందు నిలబడ్డాను. వాళ్లను ఒక్కసారి చూడలేదు. కింద ఎడమ మూలే చూశాను.

సగం గీసిన బొమ్మ చెరిపేశాను. ఇది నాకు రాదు. నా గీత గట్టిదే. ఆమె గీత మెత్తన. ముల్లు తీసే చేతిని నేను గీస్తే పీకుతున్నట్టు ఉంటుంది.

ఏడో రాత. ఏప్రిల్ 21

కంపెనీ జాబితా ఇచ్చింది. విడిచిపోయేవాళ్లకు ఇవ్వాలట. ఏ బొమ్మ ఎవరు మొదలుపెట్టారు, ఎన్ని గీతలు, చివరి గీత ఎవరిది, అన్నీ ఉన్నాయి. సుగుణ చదివింది. నేను రెండోసారి చదివించాను. మూడోసారి నేనే వేలు పెట్టుకుని చదివాను.

లచ్చవ్వ పొద్దు: నాలుగు వేల రెండు వందల పదహారు గీతలు లచ్చవ్వ కలానివి. చివరి రెండు గీతలు ఓదెలు కలానివి. బొమ్మ ఎవరిది అన్నచోట ఓదెలు.

"కింద జూడు కాకా," అంది సుగుణ.

కింద ఎప్పుడో గోడల మీంచి దిగిపోయిన మా ఇంటి పాత బొమ్మలు అరవై మూడు, ఇప్పుడు నడవవు కనుక వాటిని తెమ్మని ఎవరూ అడగలేదు. వాటిలో నావి నలభై. అన్నీ ఓదెలు పేరు మీదనే ఉన్నాయి. అప్పట్లో గోడ మీద పేర్లు వేసేవాళ్లు కాదు కాబట్టి ఎవరూ చూడలేదు. నావి దొంగిలించాల్సిన ఖర్మ ఆయనకేముంది? ఆయన గీత నా కంటే మంచిది. ఈ మాట నేను రాశానని సుగుణ కళ్లు తుడుచుకుంటోంది. రాశాను, అయిపోయింది.

దూరం వాళ్లకు తెలియదు కనుక చెబుతాను. మా ఇళ్లలో బొమ్మ ఎవరు గీసినా కన్ను తెరిచేది ఇంటి పెద్ద. కనుపాపలు రెండు చుక్కలు. అవి పెట్టేదాకా అది బొమ్మ కాదు. పెట్టాక ఎవరూ ముట్టరు. మేము పొద్దుకు ముఖం గీస్తాం, మీసం గీస్తాం, కళ్లు గీస్తాం. మా ఇంటికి పెద్ద ఓదెలు. అన్నిటికీ కన్ను తెరిచింది ఆయనే. చివరి గీత ఎవరిదైతే బొమ్మ వాళ్లదని కంపెనీ సిస్టమ్ రాసుకుంది. మా పద్ధతి దానికి తెలియదు, దాని పద్ధతి మాకు తెలియదు.

ఓదెలు తన పేరు పెట్టుకోలేదు.

ఎనిమిదో రాత. ఏప్రిల్ 22

తెరేజమ్మకు నిన్నటిదంతా చెప్పాను. ఉమ్మడిలో ఇలా కాకుండా చూడమన్నాను. ఆమె అడిగింది: "కన్ను తెరిచినవారిని వేరుగా రాయాలా?" వేరుగా రాయాలి, వదలకూడదు అన్నాను. ఇవాళ మార్చింది. ఇప్పుడు బొమ్మ కింద రెండు వరుసలు వస్తాయి. గీసినవారు. కన్ను తెరిచినవారు. పడవల ఊరిలో కూర్చుని మా ఇంటి మర్యాద నేర్చుకుంది. అక్కడి బొమ్మలవాళ్లు కూడా ఆ రెండో వరుస వాడుకుంటున్నారట, పడవకు పేరు పెట్టినవారి కోసం.

కానీ కంపెనీ నుంచి బొమ్మను తేవడానికి ఆమె దగ్గర కూడా దారి లేదు. ఓదెలు వేలే కావాలి.

ఇక దాచింది రాస్తాను.

లచ్చవ్వకు బాయి గాలి ఛాతీలో చేరింది. మూడు నెలలు మంచంలో పడుకునే ఈ పొద్దు గీసింది. అయిపోయిన రోజు నన్ను పిలిచింది.

"ఈ ఒక్కదానికి నేనే కన్ను దెరుస్త."

"పెద్దాయన ఉండంగ నువ్వెట్ల దెరుస్తవ్? నలుగురు నవ్వుతరు," అన్నాను.

ఆమె తలగడ సర్దుకుని గోడ వైపు తిరిగింది. నేను పలక తీసుకుని ఓదెలు దగ్గరికి వెళ్లాను. ఆయన బొమ్మ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆమెనే దెర్వనియ్ తమ్మీ. గిది ఆమె పానం," అన్నాడు.

నేనే పట్టుబట్టాను. పద్ధతి పద్ధతే అన్నాను. ఆయన రెండు చుక్కలు పెట్టాడు.

పదకొండు రోజులకు లచ్చవ్వ పోయింది. కంపెనీ ఆ పొద్దును పన్నెండు బాయిలకూ పెట్టింది, పేరు వేసి. సరిగ్గా ఆమె దినాల నాడు గోడ మీద ఓదెలు అని వెలిగింది. అన్నం తింటున్న జనం ముందు ఆయనను దొంగ అన్నాను. ఆయన చేయి కడుక్కుని లేచాడు. తరువాతి బండికి మూడో బాయికి పోయాడు.

ఆ కన్ను ఆమెను తెరవనిచ్చి ఉంటే గోడ మీద ఆమె పేరే ఉండేది. ఇన్నేళ్లూ ఈ సంగతి నాకు తెలియదని చెప్పను. కంపెనీ లెక్క తెలియదు, అంతే. తలగడ సర్దుకోవడం నాకు తెలుసు. దాన్ని తలుచుకోకుండా ఉండడానికి ఒక దొంగ కావాల్సి వచ్చింది.

తొమ్మిదో రాత. ఏప్రిల్ 24, శుక్రవారం

సుగుణను అడిగాను, మీ బాపు ఇప్పుడు అక్కడ ఏం గీస్తున్నాడు అని.

"గీసుడా? నీళ్ల మోటర్లు జూస్తడు. ఈడ నుంచి పోయినంక కలం ముట్టలే. మా అమ్మ పలక కొనిస్తె దాని మీద కూరగాయలు కోసుకోమన్నడు."

నాకు ఇది ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

మోటార్ల గదిలో కూడా ఉమ్మడి పలక ఒకటి పెట్టారట, నీళ్ల లెక్క రాయడానికి. ఈ పుస్తకం అందులోనూ కనిపిస్తుందట. ఈ కిందిది చేసినవాళ్లకు కాదు. మిగిలినవాళ్లు చదవవద్దు అని చెప్పలేను, ఇక్కడ అన్నీ తెరిచే ఉంటాయి. చదివితే చదవండి.

అన్నా,

నేను బుచ్చిలింగాన్ని. తప్పు నాది. ఒకసారే రాస్తాను, మళ్లీ రాయించవద్దు. జనం ముందు అన్న మాట కనుక జనం ముందే రాస్తున్నాను. నువ్వు దొంగవు కావు. ఆమెకే తెరవనివ్వమన్నావు, నేనే వినలేదు.

30వ తారీకున పొద్దును చెరిపేస్తారు. నీ వేలు లేకపోతే లేదు. నువ్వు ఒప్పుకుంటే లచ్చవ్వ పేరు గీసినవారి వరుసలో పడుతుంది, నీ పేరు నీ వరుసలో ఉంటుంది. నీ పేరు తీసేయమని నేను అడగడం లేదు.

పైన ఎండలో తిరిగే చల్లబండి వారానికి రెండుసార్లే. రేపటిది నిండిపోయింది, అడిగాను. మంగళవారం ఆరింటికి మీ గేటు దగ్గర ఎక్కితే, మధ్య బాయిలన్నీ తిరిగి ఏడున్నరకు మా గేటు దగ్గర దిగుతావు, ఎండ ముదరకముందే. ఆ తరువాతి బండి మే 2న. అప్పటికి ఏమీ మిగలదు. నీకు మోకాళ్ల నొప్పి అని సుగుణ చెప్పింది. గేటు నుంచి కిందికి నూట నలభై మెట్లు. లిఫ్టు చెడింది. మెల్లగా దిగుదాం, నా మోకాళ్లు కూడా అంతంతే. నీకు జొన్నగటక, పచ్చిపులుసు చేయిస్తాను. ఉండాలనుకుంటే ఉండు, పోవాలనుకుంటే శనివారం బండికి పో. నన్ను తిట్టాలనుకుంటే దారిపొడవునా తిట్టు, వింటాను. బండి సీటు మాత్రం ముందు రోజే చెప్పాలి.

వస్తే వస్తానని రాయి. రాకపోతే రానని రాయి. అలిగి ఊరుకోకు, అది మన ఇంట్లో నేను ఒక్కడినే చేయగలను. ఇవాళ శుక్రవారం. ఏప్రిల్ 27, సోమవారం, సాయంత్రం అయిదింటిలోపు నాకు నీ మాట కావాలి. వస్తున్నావా, లేదా?